ఒక యూనిట్‌కు రెండు రశీదులా? హరిత విద్యుత్ సర్టిఫికెట్లు, కార్బన్ మార్కెట్ ఎదురుపడే చోటు

హౌరా వైపు హుగ్లీ ఒడ్డున ఉన్న షాలిమార్ స్టేషన్ పేరు చాలామంది తెలుగు ప్రయాణికులకు పరిచయమే. హైదరాబాద్‌ వెళ్లే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచే బయల్దేరుతుంది. సాంత్రాగాఛి దాటి కొంతదూరం పోయాక రూపనారాయణ్ నది వస్తుంది. ఆ దగ్గర్లోనే కోలాఘాట్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. రైలు పైనున్న తీగలో 25 వేల వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. అందులో కోలాఘాట్ బొగ్గు వాటా ఎంత, ఎక్కడో కర్నూలు సోలార్ పార్కు వాటా ఎంత?

మీటరు పెట్టి తేల్చగలిగిన ప్రశ్న కాదిది. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా 50 హెర్ట్జ్ పౌనఃపున్యంతో ఒకే లయలో నడిచే ఒక్క గ్రిడ్. చెరువులో పది కాలువల నీళ్లు కలిసిన తర్వాత బిందెలో ఉన్నవి ఏ కాలువ నీళ్లో చెప్పలేం కదా, ఇదీ అంతే. ఆ మాటకొస్తే ఈ పోలిక కూడా పూర్తిగా సరిపోదు. ఏసీ తీగలో ఎలక్ట్రాన్ కర్నూలు నుంచి హౌరాకు ప్రయాణమే చెయ్యదు. ఉన్నచోటే కంటికి ఆనని దూరం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ప్రయాణించేది శక్తి మాత్రమే, దానికి ఊరి పేరు ఉండదు.

కాబట్టి ‘నేను వాడింది సౌర విద్యుత్తు’ అని ఎవరైనా అంటే, అది తీగలో జరిగిన సంగతి కాదు, లెక్కల పుస్తకంలో రాసుకున్న సంగతి. ఆ పుస్తకంలో రాసే రశీదే రెన్యూవబుల్ ఎనర్జీ సర్టిఫికెట్, పొట్టిగా ఆర్‌ఈసీ. ఇప్పుడు దాని పక్కనే మరో రశీదు వచ్చింది: కార్బన్ క్రెడిట్ సర్టిఫికెట్. ఒకటి మెగావాట్-గంటల్లో, ఇంకొకటి టన్నుల్లో. రెండూ ఒకే సౌర ఫలకం నుంచి పుట్టగలవు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పదమూడు నిమిషాల పరుగు

ఒక మెగావాట్-గంట అంటే మన ఇంటి బిల్లులోని వెయ్యి యూనిట్లు. ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 తరగతి ఇంజన్ సామర్థ్యం 6,350 హార్స్‌పవర్, అంటే సుమారు 4.7 మెగావాట్లు. అది పూర్తి శక్తితో పదమూడు నిమిషాలు పరిగెడితే దాదాపు ఒక మెగావాట్-గంట ఖర్చవుతుంది. సౌర, పవన విద్యుత్తు విషయంలో ఒక ఆర్‌ఈసీ అంతకు సమానం.

మన దేశంలో ఈ పద్ధతికి కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2010లో నిబంధనలు తెచ్చింది. ఆలోచన సరళమైనది. రాజస్థాన్‌లో ఎండ ఎక్కువ, తమిళనాడులో గాలి ఎక్కువ. బెంగాల్లో రెండూ అంతంతమాత్రం. కానీ పునరుత్పాదక విద్యుత్తు ఇంత శాతం కొనాలన్న బాధ్యత ప్రతి రాష్ట్రంలోని పంపిణీ సంస్థలకూ ఉంది. అందుకని కరెంటును, దాని ‘పచ్చదనాన్ని’ విడదీశారు. కరెంటు మామూలు కరెంటుగా అక్కడే అమ్ముడుపోతుంది. పచ్చదనం సర్టిఫికెట్ రూపంలో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్, పవర్ ఎక్స్ఛేంజ్ ఇండియాల్లో వేలానికి వస్తుంది. కోల్‌కతా, హౌరాలకు కరెంటు ఇచ్చే సీఈఎస్‌సీ లాంటి సంస్థ, కావాలనుకుంటే ఒక్క కొత్త తీగ కూడా లాగకుండానే అనంతపురం గాలిమర పచ్చదనాన్ని కొనుక్కోగలదు. ఈ కాగితాలు జారీ చేసేదీ, వాటి జమాఖర్చులు చూసేదీ జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం.

ఈ మార్కెట్ చరిత్ర సాఫీగా ఏమీ సాగలేదు. మొదట్లో సౌర సర్టిఫికెట్ కనీస ధర 12,000 రూపాయలు. కొనాల్సినవాళ్లు కొనలేదు, కొననందుకు రాష్ట్రాలు గట్టిగా అడగనూ లేదు. అమ్ముడుపోని సర్టిఫికెట్లు కోటికి పైగా పేరుకున్నాయి. 2017లో కనీస ధరను వెయ్యికి దించారు. 2020లో దాన్నీ తీసేయబోతే వివాదం విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు ఎక్కింది. 2020 జూలై నుంచి 2021 నవంబరు దాకా వ్యాపారమే ఆగిపోయింది. చివరికి 2022 నిబంధనలతో ధరల హద్దులు పోయాయి, సర్టిఫికెట్ అమ్ముడయ్యేదాకా చెల్లుబాటు అవుతుందన్నారు. 2025 నాటికి ధర 350 రూపాయల పరిసరాలకు వచ్చింది. పన్నెండు వేల నుంచి మూడు వందల యాభైకి! సౌర విద్యుత్తు చౌక కావడం ఇందుకు ఒక కారణం. బాధ్యతను కాగితం మీదే ఉంచేసిన నియంత్రణ వ్యవస్థ ఇంకో కారణం అని నా అభిప్రాయం.

రెండో రశీదు

ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణతో కేంద్రానికి కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం పెట్టే అధికారం వచ్చింది. 2023 జూన్ 28న పథకాన్ని ప్రకటించారు. 2025 అక్టోబరులో అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల్లోని 282 కర్మాగారాలకు లక్ష్యాలు నిర్ణయించారు. ఆధార సంవత్సరం 2023–24, లక్ష్యాలు 2025–26, 2026–27లకు. వీటిలో 186 సిమెంటు ఫ్యాక్టరీలే. తాడిపత్రి, జమ్మలమడుగు, మేళ్లచెరువు ప్రాంతాల వాళ్లకు ఇది దూరపు కబురు కాదు.

గమనించాల్సిందేమిటంటే, ఇక్కడ ‘మొత్తం ఇన్ని టన్నులకు మించకూడదు’ అన్న గీత లేదు. ఉన్నది ‘టన్ను సరుకుకు ఇన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ మించకూడదు’ అన్న గీత. దీన్ని ఉద్గార తీవ్రత అంటారు. లక్ష్యం కంటే తక్కువ తీవ్రత సాధిస్తే, ఆ తేడాను ఉత్పత్తితో గుణించి అన్ని కార్బన్ సర్టిఫికెట్లు ఇస్తారు. ఒక సర్టిఫికెట్ ఒక టన్ను. లక్ష్యం అందుకోలేకపోతే కొనాలి. కొనకపోతే సగటు మార్కెట్ ధరకు రెండింతలు పర్యావరణ పరిహారంగా కట్టాలి.

ఇక అసలు విషయం. ఈ తీవ్రత లెక్కలో ఫ్యాక్టరీ బట్టీలోంచి, బాయిలర్‌లోంచి వచ్చే ఉద్గారాలతోపాటు, బయటి నుంచి కొన్న కరెంటు వెనకున్న ఉద్గారాలు కూడా చేరతాయి. కరెంటు తయారైంది ఎక్కడో, పొగ లేచింది ఎక్కడో. అయినా లెక్క మాత్రం వాడినవాళ్ల ఖాతాలోకి వస్తుంది. విద్యుత్ మార్కెట్, కార్బన్ మార్కెట్ ఒకదానికొకటి తగిలేది ఈ గుమ్మం దగ్గరే.

గోదావరి ఒడ్డున ఒక ఊహాజనిత మిల్లు

కోల్‌కతా ప్రధాన కేంద్రంగా ఉన్న ఐటీసీకి మన భద్రాచలం దగ్గర సారపాకలో పెద్ద కాగితం మిల్లు ఉంది. రాజమండ్రిలో ఆంధ్రా పేపర్ ఉంది. ఈ ఫ్యాక్టరీల అసలు అంకెలు నేనిక్కడ వాడడం లేదు. లెక్క తేలిగ్గా సాగేలా గోదావరి ఒడ్డున ఒక మిల్లును ఊహిద్దాం.

ఏడాదికి లక్ష టన్నుల కాగితం, రెండు లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్. తీవ్రత 2.00. లక్ష్యం 1.95. గ్రిడ్ నుంచి ఏటా 20,000 మెగావాట్-గంటలు కొంటున్నారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం 2023–24లో మన గ్రిడ్‌లో సగటున ఒక్కో మెగావాట్-గంటకు 0.727 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. అంటే కొన్న కరెంటు తాలూకు ఉద్గారాలు 14,540 టన్నులు. మిల్లు పదకొండు, పన్నెండు మెగావాట్ల సౌర కేంద్రం పెట్టుకుని ఆ కొనుగోలు మొత్తం మానేసింది అనుకుందాం. తీవ్రత 1.8546కు దిగుతుంది. లక్ష్యానికి కావలసిన 5,000 టన్నుల తగ్గింపు పోను, మరో 9,540 కార్బన్ సర్టిఫికెట్లు చేతికొస్తాయి.

ఇంతవరకు న్యాయమే. ఇప్పుడు ఆ సౌర కేంద్రానికి 20,000 ఆర్‌ఈసీలు కూడా తీసుకుని, వాటిని హౌరాలోని ఒక కొనుగోలుదారుకు అమ్మితే? ధర 350 చొప్పున 70 లక్షలు వస్తాయి. హౌరా సంస్థ తన వార్షిక నివేదికలో ‘మేం 20,000 మెగావాట్-గంటల హరిత విద్యుత్తు వాడాం’ అని రాసుకుంటుంది. మిల్లు తన నివేదికలో ‘మా కరెంటు ఉద్గారాలు సున్నా’ అని రాసుకుంటుంది. ఆకాశంలోకి వెళ్లకుండా ఆగినవి 14,540 టన్నులే. రెండు పుస్తకాల్లో కలిపితే 29,080. మిగిలిన 14,540 టన్నుల మేరకు ఎవరో ఒకరు చెయ్యాల్సిన పని చెయ్యకుండానే లక్ష్యం చేరినట్టు లెక్క తేలుతుంది. ఆ పొలం ఒకటే, పట్టాదారు పాసుపుస్తకాలు రెండు. ఇలాంటివి మన ఊళ్లలో ఎలా ముగుస్తాయో మనకు తెలుసు.

ఈ చిక్కు కార్బన్ పథకంతో కొత్తగా పుట్టింది కాదు. దానికి ముందు 2012 నుంచి ‘పాట్’ అనే ఇంధన పొదుపు పథకం నడిచింది. అందులో సర్టిఫికెట్ కొలత మూడో రకం: ఒక టన్ను చమురుకు సమానమైన శక్తి. దాని రెండో విడతలో, 2016 నుంచి 2019 దాకా, జోనల్ రైల్వేలు కూడా ఉన్నాయి. షాలిమార్‌కు నది ఆవలి ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఆగ్నేయ రైల్వే అలాంటి జోనే. పాట్ నియమాల్లో ఒక జాగ్రత్త ఉండేది. ఏ విద్యుత్తు మీద ఫ్యాక్టరీ ఆర్‌ఈసీలు తీసుకుందో, ఆ విద్యుత్తును బయటకు ఎగుమతి చేసినట్టుగా లెక్కగట్టి, దానిపై పొదుపు సర్టిఫికెట్లు రాకుండా సర్దేవారు. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ, ఆ ఒక్క పంక్తి లేకపోతే పథకం లెక్కలు నిలబడవు. కార్బన్ మార్కెట్ కూడా అదే పంక్తిని ఎంత గట్టిగా రాసుకుంటుందో, దాని సర్టిఫికెట్‌కు అంత విలువ.

అన్ని కార్బన్ వ్యవహారాల్లోనూ ఈ గొడవ ఉండదు. ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. బీడు భూముల్లో చెట్లు పెంచి, గాలిలోని కార్బన్‌ను కలపలోకి చేర్చడం ఆ ప్రాజెక్టు. అక్కడ మెగావాట్-గంట అన్న మాటే రాదు, కాబట్టి ఆర్‌ఈసీతో పోటీ లేదు. కరెంటు ప్రమేయం ఉన్నచోటే రెండు రశీదులు ఒకదాన్నొకటి తొక్కుతాయి.

గుణిస్తే సరిపోదా?

అయితే 0.727తో గుణించి ఆర్‌ఈసీని కార్బన్ సర్టిఫికెట్‌గా మార్చేస్తే పోలేదా? ఒక్క మార్కెట్ చాలు కదా! ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఆకర్షణీయంగానే ఉంది. 350 రూపాయల ఆర్‌ఈసీని 0.727తో భాగిస్తే టన్నుకు సుమారు 480 రూపాయలు. పోల్చుకోవడానికి ఒక అంకె దొరికింది. కానీ మార్పిడికి మాత్రం పనికిరాదు. ఎందుకో చూద్దాం.

2022 నిబంధనల ప్రకారం ఒక మెగావాట్-గంటకు ఒక ఆర్‌ఈసీ అన్న సూత్రం సౌర, పవన విద్యుత్తులకే వర్తిస్తుంది. జలవిద్యుత్తుకు ఒకటిన్నర. పట్టణ చెత్త, శిలాజేతర ఇంధనంతో సహ ఉత్పత్తికి రెండు. బయోమాస్‌కు రెండున్నర. ఖరీదైన సాంకేతికతలను బతికించడానికి ఇచ్చిన ప్రోత్సాహం ఇది, అందులో తప్పులేదు. ఇప్పుడు మార్పిడి చేసి చూడండి. వరి ఊకతో తయారైన ఒక మెగావాట్-గంటకు రెండున్నర ఆర్‌ఈసీలు. 0.727తో గుణిస్తే 1.8 టన్నులు. బొగ్గు కేంద్రం ఒక మెగావాట్-గంట తయారుచేస్తే వెలువడేదే సుమారు ఒక టన్ను. అంటే ఊక కరెంటు, బొగ్గు కరెంటును పూర్తిగా తొలగించినా తగ్గనంత కార్బన్‌ను తగ్గించినట్టు కాగితం చెబుతుంది. శక్తి నిత్యత్వ సూత్రం ఇలాంటి కాగితాలకు సంతకం పెట్టదు. ఆర్‌ఈసీ ఇప్పుడు కొలత కాదు, కొలతలో కొంత విధానం కలిపిన మిశ్రమం. టన్ను మాత్రం కొలతగానే ఉండాలి.

ఇక ఆ 0.727 కూడా రాతి మీద చెక్కిన అంకె కాదు. అంతకు ముందు ఏడాది, 2022–23లో, అది 0.716. గ్రిడ్‌లో బొగ్గు వాటా, వర్షాలు, గిరాకీ మారితే ఇదీ మారుతుంది. మన ఊహా మిల్లు ఏ బల్బూ మార్చకుండా, ఏ మోటారూ కొనకుండా, కేవలం ఈ గుణకం 0.716 నుంచి 0.727కు పెరిగినందుకే దాని కరెంటు ఉద్గారాలు 220 టన్నులు పెరిగినట్టు కనిపిస్తాయి. తగ్గితే శ్రమపడకుండా సర్టిఫికెట్లు వస్తాయి. అందుకే ఆధార సంవత్సరానికీ లక్ష్య సంవత్సరానికీ ఒకే గుణకం వాడడం సబబు.

పైగా ఇది సగటు. నిజంగా ఏ పొగ ఆగింది అన్నది వేరే ప్రశ్న. మధ్యాహ్నం కర్నూలులో ఒక మెగావాట్ సౌర విద్యుత్తు గ్రిడ్‌లోకి వచ్చినప్పుడు, ఎక్కడో ఒక కేంద్రం ఆ మేరకు తన ఉత్పత్తి తగ్గించుకుంటుంది. అది బొగ్గు కేంద్రమైతే ఆగేది దాదాపు టన్ను. సౌర విద్యుత్తు అప్పటికే ఎక్కువై, ఇంకో సౌర కేంద్రాన్నే తగ్గించమన్నారనుకోండి, ఆగే పొగ సున్నా. రాత్రి ఎనిమిదికి, షాలిమార్ నుంచి హైదరాబాద్ దాకా ఇళ్లలో దీపాలు వెలిగే వేళ, వచ్చే మెగావాట్ విలువ మరోలా ఉంటుంది. ఆర్‌ఈసీ మీద ఎన్ని మెగావాట్-గంటలో ఉంటుంది. లెక్కలో చెల్లుబాటుకు ఏ గంటలో వచ్చిందన్నది పట్టింపు కాదు. పగటి పచ్చదనంతో రాత్రి బొగ్గును కప్పేయొచ్చు.

ఇతరులు ఏం చేశారు

ఐరోపాలో 2005 నుంచి నడుస్తున్న కార్బన్ మార్కెట్‌లో మొత్తం ఉద్గారాలకే గీత ఉంది. అక్కడ ఒక విచిత్రం గమనించారు. ఎవరైనా స్వచ్ఛందంగా హరిత విద్యుత్తు కొంటే బొగ్గు కేంద్రానికి అనుమతి పత్రాలు మిగులుతాయి. వాటిని అది ఇంకొకరికి అమ్ముతుంది. మొత్తం గీత కదలదు కాబట్టి మొత్తం పొగా తగ్గదు. గాలి నింపిన దిండును ఒకచోట నొక్కితే మరోచోట ఉబ్బినట్టు. ఈశాన్య అమెరికా రాష్ట్రాల కూటమి దీనికి ఒక చక్కని విరుగుడు పెట్టుకుంది. స్వచ్ఛందంగా కొన్న పునరుత్పాదక విద్యుత్తుకు తగినన్ని కార్బన్ అనుమతులను ప్రభుత్వమే రద్దు చేసేలా కొన్నిటిని పక్కన పెట్టే వీలు కల్పించింది. అప్పుడు కొన్నవాడి డబ్బుకు గీత నిజంగానే కిందికి దిగుతుంది.

మనది తీవ్రత మీద గీత కాబట్టి ఐరోపా చిక్కు అదే రూపంలో రాదు. మన చిక్కు వేరు. పునరుత్పాదక విద్యుత్ వాడకం చట్టప్రకారం తప్పనిసరి. 2023 అక్టోబరు ప్రకటనలో ఆ వాటాను 2024–25కు 29.91 శాతంగా, 2029–30కి 43.33 శాతంగా పెట్టారు. ఎలాగూ చెయ్యక తప్పని పనికి కార్బన్ క్రెడిట్ ఇస్తే, అదనంగా ఒరిగిందేమిటన్న ప్రశ్న వస్తుంది. లక్ష్యాల పరిధిలో లేనివాళ్లు కూడా ప్రాజెక్టులు నమోదు చేసుకునే ఆఫ్‌సెట్ మార్గాన్ని 2023 డిసెంబరులో తెరిచారు. 2025 మార్చిలో ఆమోదించిన పద్ధతుల్లో పునరుత్పాదక విద్యుత్తుదీ ఒకటి. ఇక సౌర కేంద్రం యజమాని ముందు రెండు తలుపులు: ఆర్‌ఈసీ, కార్బన్. టన్ను ధర 480 రూపాయల పైన పలికితే కార్బన్ వైపు, కింద పలికితే ఆర్‌ఈసీ వైపు అతను నడవడం సహజం. రెండు మార్కెట్ల ధరలు ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఊగుతాయి. అతను ఏదో ఒక తలుపులోనే వెళ్లేలా చూడ్డం కాపలా పని.

ఎగుమతిదారులకు ఇంకో కాపలా కూడా ఉంది. ఐరోపా సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి పూర్తి రూపంలో అమల్లోకి వచ్చింది. సిమెంటు విషయంలో కొన్న కరెంటు ఉద్గారాలను కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడ విడిగా కొన్న ఆర్‌ఈసీ చూపిస్తే కుదరదు. సౌర కేంద్రం నుంచి ఫ్యాక్టరీకి నేరుగా తీగ ఉండాలి, లేదా ఆ కేంద్రంతో విద్యుత్ కొనుగోలు ఒప్పందం ఉండాలి. పచ్చదనాన్ని కరెంటు నుంచి విడదీసి అమ్మవచ్చన్న మూల సూత్రాన్నే ఐరోపా ఒప్పుకోవడం లేదన్నమాట. పదిహేనేళ్లుగా ఆ సూత్రం మీదే నడిచిన మన మార్కెట్‌కు ఇది చిన్న దెబ్బేమీ కాదు.

మనకు అనుకూలించే సంగతి ఒకటుంది. ఆర్‌ఈసీల జమాఖర్చులు చూసే జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియాలో భాగం. కార్బన్ సర్టిఫికెట్ల రిజిస్ట్రీ బాధ్యత కూడా ఆ సంస్థకే అప్పగించారు. వ్యాపారాన్ని నియంత్రించేది రెండిటికీ కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలే. లక్ష్యాలు, తనిఖీలు చూసే ఇంధన సామర్థ్య బ్యూరో ఒక్కటే వేరు. ఒక సౌర కేంద్రం మీటరు నంబరును రెండు ఖాతా పుస్తకాల్లోనూ వెతికి చూడ్డానికి ఢిల్లీలో ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి ఉత్తరం రాయనక్కర్లేదు. 2025–26 లెక్కలు తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఆ మీటరు నంబర్ల జాబితానే.